పాకుడు

మోత్కూర్‌లో కిరాణం నడిపే ఒక ఇల్లాలికి శుభ్రమంటే ప్రాణం. కొట్టు ముందర ఊడ్చి సాన్పు చల్లనిదే షట్టరు ఎత్తేది కాదు. పట్నంలో చదివే కొడుకు దసరాకు వస్తూ రెండడుగుల గాజుతొట్టి తెచ్చి గల్లాపెట్టె పక్కన పెట్టిపోయాడు. అందులో నల్ల మోలీలు, నారింజ మోలీలు, అద్దానికి నోరు అతికించుకొని ఉండే సక్కర్ చేప ఒకటి. మూలన బుడబుడమంటూ ఫిల్టరు.

ఆమెకు ఆ తొట్టి మీద చెప్పలేనంత మురిపెం పుట్టింది. ఆదివారం వస్తే చాలు, చేపలను బకెట్లోకి పట్టి, పాత నీళ్ళన్నీ పారబోసేది. ఫిల్టరు విప్పితే స్పాంజి నిండా గోధుమరంగు జిగట. చూస్తేనే కడుపులో దేవేది. మిషన్ భగీరథ నల్లా కింద పెట్టి, తెల్లగా వచ్చేదాకా పిండేది. గులకరాళ్ళను బియ్యం కడిగినన్ని సార్లు కడిగేది. మళ్ళీ నల్లా నీళ్ళే నింపి చేపలను వదిలేది. సామాన్లకు వచ్చినవాళ్ళు అద్దంలోకి చూసి, ఎంత తేటగున్నయమ్మా నీళ్ళు అని మెచ్చుకొనేవాళ్ళు.

కడిగిన ప్రతిసారీ చేపలు రెండు రోజులు నీటిపైకి వచ్చి నోళ్ళు తెరిచేవి. ఆకలేమోనని ఇంకో చిటికెడు మేత వేసేది. సంక్రాంతి చలికి ఒంటినిండా రవ్వ చల్లినట్టు తెల్లమచ్చలు లేచాయి. నీలం మందు సీసా తెచ్చి పోసింది. తగ్గలేదని పచ్చ మందూ పోసింది. ఆదివారం ఒక్కటే కాకుండా గురువారం కూడా కడగడం మొదలుపెట్టింది. మోలీలు ఒక్కొక్కటే వెల్లకిలా పడసాగాయి.

ఒకనాడు మాపటేళ, చేపలమ్మే గంగపుత్రుల అవ్వ ఖాళీ గంపతో ఉప్పుకోసం కొట్టుకు వచ్చింది. తొట్టి ముందర ఆగిపోయింది.

“ఏంది బిడ్డా, చేపలు గట్ల నోళ్ళు తెరుస్తున్నయి?”

“రోగమొచ్చిందవ్వా. తోముతనే ఉన్న, మందులు పోస్తనే ఉన్న. ఒక్కటి నిలుస్తలేదు.”

అవ్వ నీళ్ళలో చేయి ముంచి, అద్దాన్ని లోపలినుంచి వేలితో రుద్ది చూసుకుంది. వేలికి ఏమీ అంటలేదు.

“గీ తొట్లె పాకుడేది బిడ్డా?”

“పాకుడా? రవ్వంత లేకుంట కడిగిన.”

“గదే చంపుతున్నది. చేప తిన్నది యాడికి పోతది? గా నీళ్ళల్లనే పోతది. మా చెర్ల బండలకు పాకుడుంటది, అడుగున ఒండ్రుంటది. మురికిని అవే తింటయి. నువ్వు మురికి తినేదాన్ని కడిగి పారబోసి, మురికి చేసేదాన్ని లోపల పెట్టుకున్నవ్.”

“నీళ్ళు తేటగనే ఉన్నయి గదవ్వా?”

అవ్వ కాసేపు మాట్లాడలేదు. “తేట నీళ్ళను నమ్మి తాగే కదా బిడ్డా, మా అక్క కాళ్ళు వంకర పోయినయి” అంది.

ఆ మాటకు ఇల్లాలు తలెత్తి చూసింది. అవ్వ సీసాలు రెండూ పక్కన పెట్టించింది. మేత తగ్గించమంది. నీళ్ళన్నీ తీయొద్దు, పావువంతు తీసి, ఒక పొద్దంతా ఎండకు పెట్టిన నీళ్ళు పోయమంది. స్పాంజిని నల్లా కింద పెట్టక, తొట్టిలోంచి తీసిన నీళ్ళలోనే రెండుసార్లు ఒత్తి వదిలేయమంది. తర్వాత కాళ్ళ దగ్గరున్న దొడ్డుప్పు బస్తా చూపించింది. “చెర్ల పిల్ల ఇడిసే ముందు ఉప్పునీళ్ళల్ల ముంచి ఇడుస్తం. నీ మందు నీ కొట్లనే ఉన్నది.” పోతూ పోతూ సక్కర్ చేప వైపు వేలు చూపి, “దీన్ని మాత్రం తెచ్చి మా చెర్ల పడెయ్యకు, వలలు చింపుతది” అంది.

శివరాత్రికి చలి పోయింది. మిగిలిన మోలీల ఒంటిమీద మచ్చల్లేవు. స్పాంజి గోధుమరంగుకు తిరిగింది. మురికిగా ఉందని ఎవరన్నా అంటే, ఆమె దానిమీద చెయ్యి వేయనిచ్చేది కాదు.

నీతి: కంటికి నచ్చే శుభ్రం వేరు, ప్రాణం నిలిపే శుభ్రం వేరు. జబ్బుపడ్డ చేపకు మందు వెతికేముందు దాని నీళ్ళకు వైద్యం చేయాలి.

అవ్వ పాకుడన్నదాంట్లో మురికి తినే సూక్ష్మజీవులను 1890 ప్రాంతంలో సెర్గేయ్ వినోగ్రాడ్‌స్కీ అనే రష్యన్ శాస్త్రవేత్త విడదీసి చూపించాడు. చేప మొప్పల నుంచి, పెంట నుంచి, తినక మిగిలిన మేత నుంచి అమ్మోనియా పుడుతుంది. ఒక రకం సూక్ష్మజీవులు దాన్ని నైట్రైట్‌గా మారుస్తాయి. అదీ విషమే. మరో రకం దాన్ని నైట్రేట్‌గా మారుస్తాయి. అది చాలావరకు నిరపాయం. ఈ రెండూ కాపురముండేది స్పాంజిలో, గులకరాళ్ళ మీద. కొత్త తొట్టిలో ఇవి కుదురుకోవడానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. మనుషుల కోసం నల్లా నీళ్ళలో కలిపే క్లోరిన్ వీటిని దెబ్బతీస్తుంది. అందుకే అది ఎగిరిపోయేలా బకెట్లో మూత లేకుండా ఒక రోజు ఉంచిన నీళ్ళే వాడాలి. కరెంటు గంటల తరబడి పోతే, గాలి అందక స్పాంజిలోనివి చచ్చి కుళ్ళుతాయి. కరెంటు రాగానే మోటరు వేయకుండా, ముందు తొట్టి నీళ్ళలో స్పాంజిని ఒకసారి ఒత్తాలి.

మోత్కూర్ ఉన్న మన ఉమ్మడి నల్లగొండ మెట్టనేల బోరు నీళ్ళలో క్లోరిన్ బాధ లేదు. గట్టి నీళ్ళు మోలీలకు హాయి కూడా. అయితే క్షారగుణం ఎక్కువైనకొద్దీ అదే అమ్మోనియా మరింత విషమౌతుంది. అంటే నల్లగొండ నేల మీద స్పాంజిని పాడుచేసుకున్నవాళ్ళకు నష్టం ఇంకా ఎక్కువ. తేటదనం ఏమీ చెప్పదన్న సంగతి ఈ నేలకంటే తెలిసినదెవరికి? లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన ఫ్లోరైడ్ రంగు, వాసన లేకుండానే ఎముకలను వంచింది. పటిక, సున్నంతో ఆ నీటిని బాగుచేసే పద్ధతిని నాగపూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ రూపొందిస్తే, దానికి నల్లగొండ పేరే పెట్టారు. ఆ పేరు వెనక ఎన్ని ఇళ్ళ బాధ ఉందో తెలిసినవాళ్ళు, నీటిని చూపుతో కొలవరు.

ఇక తెల్లమచ్చ. అది చర్మం కింద దాక్కున్న ఏకకణ పరాన్నజీవి. చర్మం కింద ఉన్నంతసేపూ మామూలు మందులేవీ దాన్ని తాకవు. పెరిగి రాలిపడి, అడుగున వందలుగా చీలి, మళ్ళీ చేపను వెతుక్కుంటూ ఈదే ఆ కొద్ది గంటల్లోనే చిక్కుతుంది. అందుకే ఒక్కరోజు ఉప్పు వేసి చేతులు దులుపుకొంటే జబ్బు తిరిగొస్తుంది. మోలీల తొట్టికి లీటరుకు 2 గ్రాముల చొప్పున, అంటే 50 లీటర్లకు 100 గ్రాముల దొడ్డుప్పు చాలు. ముందే నీళ్ళలో కరిగించి, రెండు రోజుల్లో కొంచెం కొంచెంగా పోయాలి. హీటరుతో నీటిని మెల్లగా 28 డిగ్రీలకు తెస్తే పురుగు బతుకుచక్రం తొందరగా తిరిగి, బయటపడి చస్తుంది. వేడి నీళ్ళలో గాలి తక్కువ కాబట్టి బుడగలు ఆపొద్దు. మచ్చలు మాయమయ్యాక కూడా మరో వారం ఉప్పు ఉండాలి. ఆవిరైన నీటితో ఉప్పు పోదు. కాబట్టి తీసిన నీటికి సరిపడా మాత్రమే మళ్ళీ కలపాలి. ఇంత ఉప్పుకు స్పాంజిలోని సూక్ష్మజీవులు చావవు. సీసా మందులు కొన్ని చంపుతాయి. తప్పదనుకుంటే వాటిని వేరే బకెట్లో, చేపను అందులోకి మార్చి వాడాలి.

మామూలు రోజుల్లో మార్చిన నీళ్ళు కరివేపాకు చెట్టుకు పోయొచ్చు, ఆ నైట్రేట్ దానికి బలం. ఉప్పు నీళ్ళు మాత్రం మోరీలోకే. పెరిగి తొట్టి చాలని సక్కర్ చేపను కొన్న దుకాణంలోనే తిరిగి ఇవ్వాలి. జాలిపడి చెరువులో వదిలినవీ తెలుగు నేలల మీద చాలాచోట్ల దెయ్యం చేపలై వలలు చింపుతున్నాయి. ఆ వల ఖర్చు మోసేది గంప ఎత్తుకొని వచ్చే అవ్వ ఇల్లే.