తౌబా చేసి వెళ్ళినవారిని ఎలా తలచుకోవాలి?

ఇంటి పెద్ద కన్నుమూస్తాడు. జనాజా నమాజ్, ఖననం పూర్తవుతాయి. కరీంనగర్ నుంచి, మంచిర్యాల నుంచి, ఆదిలాబాద్ నుంచి బంధువులు పరామర్శకు వస్తారు. కాసేపటికి మాట పోయినవారి మీదికి మళ్ళుతుంది. "ఒకప్పుడు బాగా తాగేవాడు" అని ఎవరో ఒకరు అననే అంటారు. ఆయన తాగుడు మానేసి ఇరవై ఏళ్ళయి ఉండవచ్చు. ఆ ఇరవై ఏళ్ళూ ఫజ్ర్ నమాజుకు ముందు వరుసలో నిలబడిన మనిషే అయి ఉండవచ్చు. అయినా నాలుక మీదికి ముందు వచ్చేది పాత మాటే.

ప్రియ సోదర సోదరీమణులారా! మత్తును జయించి వెళ్ళిపోయినవారు మన కుటుంబాలలో ఉన్నారు. కల్లు, గుడుంబా, సారా ఎన్ని ఇళ్ళను కూల్చాయో మనకు తెలుసు. వాటి నుంచి బయటపడిన ఆ తండ్రినో, మామూనో, అన్ననో మనం ఏమని తలచుకోవాలి? ఇది చిన్న విషయం కాదు. మన మాట ఒక మృతుని గౌరవానికీ, బతికున్న మరొకరి ఆశకూ సంబంధించినది.

ధర్మం ఏమంటోంది?

చనిపోయినవారిని దూషించవద్దని దైవప్రవక్త (స) వారించారు. వారు తాము ముందుగా పంపుకున్న కర్మల వద్దకు చేరుకున్నారని కారణం కూడా తెలిపారు. పాపం నుంచి పశ్చాత్తాపపడినవాడు అసలు పాపమే చేయనివాని వంటివాడని కూడా బోధించారు. తౌబాను స్వీకరించేవాడు అల్లాహ్. ఆయన కారుణ్యంతో తుడిచివేస్తాడని మనం ఆశించే దానిని మన నాలుకతో మళ్ళీ రాయడం ఎంతవరకు న్యాయం?

సహీహ్ బుఖారీలో ఒక సంఘటన ఉంది. అబ్దుల్లాహ్ అనే ఒకాయన తన మాటలతో దైవప్రవక్త (స)ను నవ్విస్తూ ఉండేవారు. మద్యం సేవించినందుకు ఆయనకు శిక్ష పడింది. మళ్ళీ అదే నేరంపై పట్టుబడి వచ్చినప్పుడు ఒక వ్యక్తి ఆయనను శపించాడు. దైవప్రవక్త (స) వెంటనే ఆ వ్యక్తిని ఆపారు. ఆయనకు అల్లాహ్ పట్ల, ప్రవక్త పట్ల ప్రేమ ఉందని సాక్ష్యమిచ్చారు. శిక్ష రద్దు కాలేదు, తప్పు ఒప్పు కాలేదు. కానీ ఆ మనిషి మొత్తాన్నీ ఒక్క తప్పుతో కొలవనివ్వలేదు. ఇంకా అలవాటులో ఉన్నవాని విషయంలోనే ఇంత జాగ్రత్త ఉంటే, మానుకుని వెళ్ళినవాని విషయంలో మనకెంత జాగ్రత్త ఉండాలి!

ఆ పోరాటం ఎంత పెద్దదో తెలుసుకుందాం

మానడం ఒక్క మాటతో అయిపోయే పని కాదు. మన ప్రాంతాలలో కల్తీ కల్లులో క్లోరల్ హైడ్రేట్, డయాజెపామ్, ఆల్ప్రాజోలం వంటి మత్తు మందులు కలిపిన కేసులు ఎన్నో బయటపడ్డాయి. వాటికి అలవాటుపడిన శరీరం ఒక్కసారిగా మానితే వణుకుతుంది, నిద్ర పట్టదు, కొందరికి ఫిట్స్ వస్తాయి, లేనివి కనిపిస్తాయి. 2020 మార్చిలో లాక్‌డౌన్ వల్ల దుకాణాలు మూతపడినప్పుడు హైదరాబాదులోని ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు ఇలాంటి రోగులు పెద్ద సంఖ్యలో వచ్చారు.

ప్రభుత్వం 1993 అక్టోబరులో సారాను నిషేధించింది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. చట్టం దుకాణాన్ని మూయగలదు. కానీ మళ్ళీ తెరిచిన దుకాణం ముందు నుంచే ప్రతి సాయంత్రం ఇంటికి నడిచి వెళ్ళినవాని లోపల ఏం జరిగిందో అల్లాహ్‌కే తెలుసు. దానిని మనం గౌరవించాలి.

బాధపడినవారి మాటేమిటి?

ఇక్కడ ఒక నిజం చెప్పుకోవాలి. తాగుడు రోజులలో నగలు కుదువబెట్టుకున్న భార్య ఉంది. ఫీజు కట్టక చదువు ఆగిపోయిన కొడుకు ఉన్నాడు. వారిని 'మరచిపోండి, పొగడండి' అని బలవంతపెట్టే హక్కు మనకు లేదు. తౌబాతో దాసుల హక్కులు రద్దు కావు. అందుకే వారసులు ఆస్తి పంచుకునే ముందు ఆయన అప్పులు తీర్చాలి. ఇక మనసుకు తగిలిన గాయం విషయానికి వస్తే, క్షమించినవారికి ప్రతిఫలం అల్లాహ్ వద్ద ఉంది.

క్షమించిన తర్వాత ఎలా మాట్లాడాలో హజ్రత్ యూసుఫ్ (అలై) గాథ నేర్పుతుంది. అన్నలు ఆయనను బావిలో పడవేశారు. చివరికి తల్లిదండ్రులు, అన్నలు అందరూ కలిసినప్పుడు ఆయన అల్లాహ్ తనను చెరసాల నుంచి బయటికి తెచ్చాడని కృతజ్ఞత చెప్పారు (12:100). బావి మాట ఎత్తలేదు. అన్నలు సిగ్గుపడకూడదనే అలా చేశారని వ్యాఖ్యాతలు వివరించారు. మన ఇళ్ళలో కూడా ఎత్తకుండా వదిలేయవలసిన 'బావులు' కొన్ని ఉంటాయి.

మరి పిల్లలకు చెప్పాలా?

సాటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచినవాని లోపాలను అల్లాహ్ కప్పి ఉంచుతాడని హదీసు. కనుక తాగిన రోజుల ముచ్చట్లు, తూలిపడిన సంగతులు నవ్వుకోవడానికి చెప్పకూడదు. అయితే ఇంట్లో ఒక యువకుడు అదే గుంటలో చిక్కుకుని, ఇక తన వల్ల కాదని నిరాశపడుతుంటే అది వేరు. అప్పుడు "మీ దాదా కూడా మానగలిగారు" అన్న ఒక్క మాట అతనికి చేయూత. ఆదం (అలై) పొరపాటును ఖుర్ఆన్ ప్రస్తావించింది, కానీ తౌబాతో కలిపే ప్రస్తావించింది. మనం కూడా పడిన కథ కాదు, లేచిన కథ చెబుదాం.

అలాంటి యువకుని వెంటబెట్టుకుని వైద్యుని దగ్గరికి వెళ్దాం. అల్లాహ్ ప్రతి రోగానికీ మందు దింపాడు. చికిత్స తీసుకోవడం విశ్వాస లోపం కాదు. మత్తు విముక్తి కోసం 14446 నంబరుకు ఉచితంగా ఫోను చేయవచ్చు.

మరొక పని కూడా ఉంది. తండ్రి పోయిన తర్వాత ఆయన స్నేహితులతో మంచిగా మెలగడం గొప్ప పుణ్యమని దైవప్రవక్త (స) చెప్పారు. ఆయనతో కలిసి తాగి, ఇంకా మానలేకపోయిన పాత స్నేహితులు కూడా ఉంటారు. వారిని ఇంటికి పిలుద్దాం, అన్నం పెడదాం, ఆయన ఎలా బయటపడ్డారో చెబుదాం. వారిలో ఒక్కరు మారినా, పోయినవారి జ్ఞాపకానికి అంతకంటే మంచి గుర్తు ఏముంటుంది?

అల్లాహ్ మన మృతుల తౌబాను స్వీకరించుగాక! మత్తులో చిక్కుకున్న మన పిల్లలకు, సోదరులకు విముక్తి ప్రసాదించుగాక! మన నాలుకలను కాపాడుగాక! ఆమీన్.