త్వర ఒకరిది, ఆగడం ఇంకొకరిది

త్వరగా పోగలిగిన మనిషికి ఆగవలసి రావడమంత చిన్నతనం మరొకటి వుండదు. బస్సులో వెళ్ళేవాడు రైల్వే గేటు దగ్గర దిగి సోడా తాగుతాడు. సొంత కారున్నవాడు అదే గేటు దగ్గర హారన్ కొడతాడు. గేటు ఇద్దరికీ ఒకటే, అది మూసి వుండే సేపూ ఒకటే. అయినా ఒకరికి అది విరామం, ఇంకొకరికి అవమానం. ఆగడం నిజంగా నష్టమేనా, నష్టమైతే ఎవరికి అన్న సందేహం నాకు చాలాకాలంగా వుంది. దానికి కొంత జవాబు నార్వే దేశంలో, ఒక స్పోర్ట్స్ కారులో కూర్చున్నప్పుడు దొరికింది.

ఆ కారు మా మేనల్లుడిది. పోర్షే. నేలకు జానెడెత్తున వుంటుంది. కుచ్చిళ్ళు పట్టుకుని అందులోకి దిగాలే తప్ప, కారు ఎక్కాననే మాట దానికి చెల్లదు. గంటకు 250 కిలోమీటర్లు దాటి పోగలదట. “పోగలదట” అనే అనాలి. ఎందుకంటే ఆ దేశంలో వూళ్ళ బయట మామూలు రోడ్ల మీద హద్దు 80 కిలోమీటర్లు. మీరారో, జరిమానా జేబు ఖాళీ చేస్తుంది. పైగా మేము వెళ్ళింది ఇ-39 అనే రోడ్డు మీద. దక్షిణాన క్రిస్టియాన్‌సాండ్ నుంచి ఉత్తరాన ట్రోండ్‌హైమ్ దాకా, పడమటి తీరం వెంట సుమారు 1,100 కిలోమీటర్లు. మధ్యలో ఏడుచోట్ల రోడ్డు నీళ్ళదాకా వచ్చి ఆగిపోతుంది.

ఆ నీళ్ళు నదులు కావు. కొండల మధ్యకు చొచ్చుకు వచ్చిన సముద్రపు పాయలు. ఫియర్డులంటారు. అందులో సోగ్న ఫియర్డు 200 కిలోమీటర్లకు పైగా దేశం లోపలికి పాకింది. లోతైనచోట 1,300 మీటర్లు దాటుతుంది. అంత లోతులో స్తంభాలు నిలబెట్టి వంతెన కట్టడం మాటలా? అందుకని కార్లూ, లారీలూ, బస్సులూ ఫెర్రీ అనే పెద్ద పడవ ఎక్కి అవతలి గట్టు చేరతాయి. ఈ మొత్తం ప్రయాణానికి సుమారు 21 గంటలు పడుతుందని అక్కడి రోడ్ల శాఖవారి లెక్క. మన మద్రాసు మెయిలుకి కూడా ఇంతకంటె కాస్త దూకుడెక్కువ!

రేవులో రోడ్డు మీద వరసలు గీసి వుంటాయి. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు. మావాడు అంతకు ముందు గంటసేపు ఒక పాల లారీ వెనక పడి, మలుపు మలుపుకీ తొంగిచూసి, చివరికి దాన్ని దాటాడు. దాటినందుకు వాడి మొహం వెలిగిపోయింది కూడాను. రేవు చేరిన అయిదు నిమిషాలకు ఆ లారీ తాపీగా వచ్చి మా పక్క వరసలో నిలబడింది.

“చూశావా అత్తా, ఇంత తంటాలు పడి దాటినదాన్ని!” అన్నాడు.

“వస్తే ఏంరా? పాలు కదా, రావద్దూ?” అన్నాను.

“అంత డబ్బుపోసి కొన్నది, దీన్ని పడవెక్కించి గంటకి 18 కిలోమీటర్లు పోవడానికా?”

ఆ మాటకు నేను నవ్వాను గాని, అది నవ్వి వదిలేసే మాట కాదు. తన వేగానికి తను డబ్బు కట్టానని వాడి వుద్దేశం. డబ్బు కట్టినవాడికి ఆగకుండా పోయే హక్కు వుంటుందా? నీళ్ళయితే ఆ హక్కును ఒప్పుకోవు. పడవ ఎక్కాక ఇంజను ఆపి, హ్యాండ్‌బ్రేకు వేసి, అందరితోపాటు మెట్లెక్కి పైకి పోవలసిందే. అక్కడ స్వేలె అని మందపాటి తీపి అట్టు అమ్ముతారు. మజ్జిగ, గుడ్లు, పంచదార, సోడా ఉప్పు కలిపిన పిండితో పోసి, వెన్నా పంచదారా రాసి మడిచి ఇస్తారు. పాల లారీ డ్రైవరూ, బడిపిల్లలూ, మా పోర్షే యజమానీ ఒకే బల్ల దగ్గర వేళ్ళు నాకుతూ కూర్చున్నారు. ఎవరి బండి ఎంత జోరో కనుక్కున్నవాళ్ళు లేరు.

ఆ సోగ్న ఫియర్డు మీదే, లావిక్, ఒప్పెడాల్ అనే రేవుల మధ్య, 2015లో ఆంపియర్ అనే పడవ తిరగడం మొదలుపెట్టింది. బ్యాటరీల మీద నడిచే కార్ల ఫెర్రీల్లో ప్రపంచంలో అదే మొదటిది. 120 కార్లు పడతాయి. ఆ పల్లెలకు వచ్చే కరెంటు తీగలు సన్ననివి, ఒక్కసారిగా అంత కరెంటు ఇవ్వలేవు. అందుకని రేవులో కూడా బ్యాటరీలు పెట్టారు. పడవ నీళ్ళమీద వున్నంతసేపూ అవి నెమ్మదిగా నిండుతాయి. పడవ వచ్చి ఆగిన పది నిమిషాల్లో దానికి ఇచ్చేస్తాయి. అంటే ఆ పడవకి ఆగడంలోనే బలం. ఇదంతా చదివి మీరు, “ఆహా, ఆగడమే జీవిత పరమార్థమంటుంది కాబోలు” అనుకుంటారేమో.

ఆ మాట నేను అనను. ఆడదానిగా పుట్టి అనలేను కూడా. పంపు దగ్గర బిందెతో, రేషను షాపులో కార్డుతో, ఇంట్లో అందరూ తిన్నాక మిగిలే తన వంతుకోసం కనిపెట్టుకుని కూర్చున్నవాళ్ళకి, నిరీక్షణ గొప్పతనం గురించి ఇంకొకరు చెప్పడం ఎంత అన్యాయం!

పడవలో నా పక్కన కూర్చున్నావిడ అవతలి గట్టున వృద్ధుల ఆశ్రమంలో పనిచేస్తుంది. నేను కిటికీలోంచి కొండల్ని చూసి మురిసిపోతుంటే ఆవిడ అంది: “మీకు ఇది ఒకరోజు అందం. నాకు రోజుకి రెండుసార్లు పని. గాలివానకి పడవ ఆగిందంటే నేను వెళ్ళలేను. నేను వెళ్ళకపోతే రాత్రంతా పనిచేసినావిడ ఇంటికి పోలేదు. అక్కడ ఆవిడ పిల్లలు ఎదురుచూస్తుంటారు.”

చూశారా, ఒకరి ఆగడం ఎంతమంది మీద పడుతుందో! కోనసీమవాళ్ళకి ఇది వేరే చెప్పనక్కర్లేదు. యానాం దగ్గర గౌతమి దాటడానికి పంటు తప్ప గతిలేని రోజుల్లో, పురిటి మనిషిని కాకినాడ తీసుకుపోవాలంటే గోదావరి దయ. యెదుర్లంక వైపునుంచి బాలయోగి వారధి వచ్చాక, పంటు మీద గాలి హాయిగా వుండేది కనుక వంతెన వద్దని అన్నవాళ్ళని నేను చూడలేదు. నార్వేవారు కూడా ఆ 21 గంటల్ని సగానికి తగ్గించాలని సంకల్పించారు. స్టవాంగర్ వూరికి ఉత్తరాన బొక్నా ఫియర్డు అడుగున దాదాపు 27 కిలోమీటర్ల సొరంగం తవ్వుతున్నారు. అది పూర్తయితే అక్కడ పడవ అక్కర్లేదు. నా కళ్ళకు అందంగా వుందని, ఆవిడ రోజూ రెండుసార్లు ఆగాలని కోరే హక్కు నాకెక్కడిది?

అయితే మరి పడవ రేవులో నాకు అంత హాయిగా అనిపించిందేమిటి? ఆలోచించగా తేలిందిది: అక్కడ నా త్వర కోసం వేరొకరు ఆగడం లేదు. అందరం కలిసి ఆగాం. అంబులెన్సు వస్తే మాత్రం వరస పక్కకు జరిగి దారి ఇస్తుంది. పోర్షే వచ్చినా ఇవ్వదు. అవసరానికి దారి వుంది, దర్పానికి లేదు. కలిసి ఆగినప్పుడు అది విశ్రాంతి అవుతుంది. ఒక్కరే, ఎప్పుడూ ఆ ఒక్కరే ఆగవలసివస్తే దాన్ని శిక్ష అంటారు.

ఈ కొలతతో మన ఇళ్ళకేసి చూడండి. పొద్దున్నే ఎనిమిదింటికల్లా చకచకా తయారై బయటపడే మగవారినీ పిల్లలనూ చూసి, “ఎంత చురుకు!” అంటాం. ఆ చురుకు వెనక నాలుగున్నరకి లేచిన మనిషి ఒకరుంటారు. రాత్రి ఎవరో ఆలస్యంగా వస్తారని అన్నం గిన్నె మీద మూతపెట్టి, కునికిపాట్లు పడే మనిషీ ఆవిడే. మన ఆఫీసుల్లోనూ అంతే. దొరవారి అయిదు నిమిషాలు మిగలడానికి బయట బెంచీమీద పదిమంది పూటంతా కూర్చుంటారు. వేగమనేది గాలిలోంచి పుట్టదు. చాలాసార్లు ఎవరో ఒకరి కాలంలోంచి కత్తిరించుకున్నదే.

కనుక కారు వేగంగా పోతే తప్పా అని అడిగితే, కాదంటాను. సొరంగం వద్దా అంటే, తప్పక కావాలంటాను. ఎవరి త్వర చూసినా, అది తీరడానికి ఎవరు ఆగుతున్నారని ఒక్కసారి కనుక్కుంటే చాలు. ఇంట్లో అయితే, భోజనాల వేళ అందరూ ఆగి, ఆ ఒక్కరు కూడా వచ్చి కూర్చున్నాకే వడ్డన మొదలుపెట్టి చూడండి. మహా అయితే పది నిమిషాలు పడుతుంది.