ఆ కోళ్లను బేరగాడికి ఇవ్వకు

గన్నవరం

చిరంజీవి అమ్మాయికి,

నువ్వు ఫోన్‌లో చెప్పిందంతా విన్నాను. ఇలాంటి సంగతి ఫోన్‌లో చెబితే సగం గాల్లో కలిసిపోతుంది, అందుకే కాగితం తీశాను.

రెండు పెట్టలు చచ్చిపోయాయి, మూడోది మెడ మెలితిప్పుకుని మూల కూర్చుంది. తెగులు తగలకముందే మిగతావి అమ్మేసుకోమని ఇరుగుపొరుగు అంటున్నారు, బేరగాడు వస్తానన్నాడు. ఏం చేయమంటావు పెదనాన్నా అని అడిగావు. అమ్మకు. ఒక్కటి కూడా ఇవ్వకు.

బేరగాడి బండి వెనక కట్టే గంపను దగ్గర నుంచి చూడు. నాలుగూళ్ల కోళ్లు ఒకదాని మీద ఒకటి కుక్కి ఉంటాయి. పైదాని రెట్ట కిందిదాని వీపు మీద పడుతుంది. కిందిది ఆ ఈకలను ముక్కుతో సవరించుకుంటుంది. నీ పెరట్లో హుషారుగా గింజలేరుకుంటున్న కోడి ఒంట్లో కూడా ఈ జబ్బు పైకి కనబడకుండా రెండు వారాల దాకా ఉండగలదు. ఆ గంప సాయంత్రానికి ఇంకో ఊరు చేరుతుంది. అక్కడ గుడ్లమ్మి పిల్లవాడి ఫీజు కట్టుకునే ఇల్లాలు ఒకావిడ ఉంటుంది. నీ చేతికొచ్చే నాలుగు డబ్బులూ ఆవిడ దొడ్డిలోంచి తీసుకున్నవే అవుతాయి. బేరగాణ్ని తప్పుపట్టను, అతనికి తెలియదు. నీకు తెలుసు.

నువ్వు చెప్పిన గుర్తులు కొక్కెర తెగులువి. డాక్టర్లు రాణిఖేత్ అంటారు. మన దేశంలో 1927లో ఆ పేరుగల కొండ ఊళ్లో గుర్తించారు, అంతకు ముందు ఏడాదే జావాలోనూ ఇంగ్లాండులోని న్యూకాజిల్‌లోనూ బయటపడింది. తెలుపు, ఆకుపచ్చ కలిసిన పారుడు, నోరు తెరిచి గురగురమంటూ ఊపిరి తీయడం, రెక్కలు జారేసి జోగడం, గుడ్లు ఆగిపోవడం లేదా తోలుగుడ్లు రావడం, బతికినవాటికి మెడ మెలితిరగడం, కాళ్లు పడిపోవడం. వచ్చాక దీనికి మందు లేదు. వెల్లుల్లి, పసుపు పెట్టినా, అమ్మవారికి మొక్కుకున్నా నేను కాదనను గాని, వాటితో ఈ వైరస్ ఆగదు.

ఇంకో మాట జాగ్రత్తగా విను. బర్డ్ ఫ్లూ కూడా ఇంచుమించు ఇలాగే ఉండొచ్చు. జుట్టు నీలం తిరగడం, ముఖం వాచడం, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు, ఏ గుర్తూ లేకుండా రాత్రికి రాత్రే మూకుమ్మడిగా చావడం దాని తీరు. కానీ కంటితో చూసి ఇది ఫలానా అని తేల్చడం పశువైద్యశాలలో కాంపౌండరుగా చేసిన నా వల్ల కాదు, డాక్టరు వల్లా కాదు. ల్యాబే తేల్చాలి. 2025 ఫిబ్రవరిలో మన పక్కనే గంపలగూడెంలోనూ, గోదావరి జిల్లాల్లో వేల్పూరు, కానూరుల్లోనూ కోళ్లు కుప్పలుగా చచ్చిపోతే భోపాల్ ల్యాబు పరీక్షించి బర్డ్ ఫ్లూ అని చెప్పింది. మార్చిలో మన రాష్ట్రంలోనే రెండేళ్ల పసిపాప ఆ వైరస్ సోకి మంగళగిరి ఎయిమ్స్‌లో కన్నుమూసింది. కొల్లేటికి వలస పక్షులు వస్తాయి, కోతలయ్యాక బాతుల మందలు మన పొలాల మీదుగా తిరుగుతాయి. ఇక్కడ కోళ్లు పెంచేవాళ్లు ఆ భయం ఎప్పుడూ మనసులో ఉంచుకోవాలి.

కాబట్టి ఈ ఉత్తరం చదవగానే పశువైద్యశాలకు ఫోన్ చెయ్యి. దొరక్కపోతే 1962కు చెయ్యి. చచ్చిన కోడిని సంచిలో పెట్టుకుని బస్సెక్కకు. మన గన్నవరంలో 1998 నుంచి ఎన్.టి.ఆర్. పశువైద్య కళాశాల ఉంది, కోసి చూసే సౌకర్యం ఉంది. అయినా తెమ్మంటేనే తీసుకెళ్లు. ఈలోపు పిల్లలను దొడ్లోకి రానీయకు. చచ్చినవి తెమ్మనకపోతే ముక్కుకి, నోటికి గుడ్డ కట్టుకుని, చేతులకు కవర్లు తొడుక్కుని మూడడుగుల గొయ్యి తీసి, సున్నం చల్లి పూడ్చు. కాలవలో పారేయకు. ఏలూరు కాలవ నీళ్లు వాడుకునేవాళ్లు దిగువన ఎంతోమంది ఉన్నారు. జబ్బుకోడిని కోసి కూర వండుకుందామని ఎవరన్నా అంటే వద్దని గట్టిగా చెప్పు. బాగా ఉడికితే వైరస్ చస్తుంది, నిజమే. కానీ ఉడికేలోపు దాన్ని కోసి, పీకి, కడిగేది నీ చేతులే.

ఆ మెడ తిరిగిన పెట్టను వేరే గంప కింద ఉంచు. డాక్టరు వచ్చి చూసేదాకా దానికి గిన్నె దగ్గరగా పెట్టి నీళ్లు, తడిపిన నూకలు అందించు. దాని పని చివర చూసుకుని చేతులు కడుక్కో. బాధ పడుతోందనిపిస్తే ఏం చేయాలో డాక్టరునే అడుగు. అది పనికిరాని సరుకు కాదు, నీ చేతి గింజలు తిన్న ప్రాణం.

ఇక ముందు కోసం ఒకటి నేర్చుకో. పొద్దున్నే గంప ఎత్తేటప్పుడు చేతిలో సెల్‌ఫోన్ ఉండకూడదు. ముందుగా దూకేది ఏది, చివరిదాకా కదలనిది ఏది చూడు. తర్వాత కింద రెట్టలు చూడు. బాగున్న కోడి రెట్ట గట్టిగా, కొసన తెల్లగా ఉంటుంది. రక్తం కనిపించిందా, అది కోడిపిల్లల్లో తడినేల వల్ల వచ్చే రక్తపారుడు. దానికి మాత్రం మందుంది. డాక్టరు రాసిన ఆంప్రోలియం వెంటనే నీళ్లలో కలిపి ఇచ్చి, తడి పొట్టు తీసేసి ఎండుది పరిస్తే చాలావరకు దక్కుతాయి. జుట్టు మీద, కళ్ల చుట్టూ పొక్కులు కడితే మశూచి. దోమలు మోస్తాయి. పొక్కులకు పసుపు, వేపనూనె రాస్తూ ఉండు. మే నెల ఎండకు నోరు తెరిచి రొప్పడం వేరు, దానికి నీడ, చల్లటి నీళ్లు చాలు.

మనుషుల యాంటీబయాటిక్ క్యాప్సూల్ విప్పి నీళ్ల కుండలో పోయడం మన ఊళ్లలో మామూలైపోయింది. నువ్వా పని చేయకు. వైరస్‌కు ఆ మందు పనిచేయదు, పైగా గుడ్డులో మిగులుతుంది. ఆ గుడ్డు తినేది నీ ఇంటి పిల్లలో, పక్కింటి పిల్లలో. కొలిస్టిన్ అనే మందును తిండి కోసం పెంచే జంతువులకు వాడకూడదని కేంద్రం 2019లో నిషేధించింది. ఆఖరికి మనిషిని బతికించాల్సిన మందులను ఇలా కోళ్ల మీద ఖర్చు చేసేస్తున్నామనే ఆ పని చేసింది.

కొక్కెర తెగులుకు మన చేతిలో ఉన్నది టీకా ఒక్కటే. పిల్ల పుట్టిన అయిదో రోజు నుంచి ఏడో రోజు లోపల లసోటా చుక్క కంట్లో వేస్తారు. చుక్క పడగానే వదిలేయకూడదు, పిల్ల కన్ను ఆర్పేదాకా పట్టుకోవాలి. రెండు నెలలకు రెక్క కింద ఆర్ టూ బి సూది, అంతకు వారం ముందు నులిపురుగుల మందు. సంక్రాంతి బరుల నుంచి వచ్చిన పుంజునైనా, కొత్తగా కొన్న పెట్టనైనా మూడు వారాలు విడిగా ఉంచు.

ఇక్కడే నీకు అసలు పని ఉంది. టీకా సీసాలో వంద కోళ్లకో అంతకు మించో సరిపడా మందు ఉంటుంది, ఐసుపెట్టెలో తేవాలి, కలిపాక రెండు గంటల్లో అయిపోవాలి. నీ పాతిక కోళ్ల కోసం సీసా విప్పితే మిగతాది మట్టిపాలు. ఎవరికి వాళ్లు తలో సీసా ఎందుకని ఊరుకోబట్టే ప్రతి ఏడాదీ వీధి వీధంతా కోళ్లు పోగొట్టుకుంటోంది. అందుకని ముందు ఇరుగుపొరుగు ఇళ్లకు వెళ్లి, నా కోళ్లకు తెగులొచ్చింది, మీవి బయటకు వదలకండి అని నీ నోటితో నువ్వే చెప్పు. నీ వల్లే వచ్చిందని ఒకరిద్దరు అనొచ్చు. అననీ. దాచిపెట్టి తర్వాత తెలిస్తే వాళ్లు నీ ముఖం చూడరు.

ఆ వెళ్లినప్పుడే ఏ ఇంట్లో ఎన్ని కోళ్లున్నాయో, వారం దాటని కోడిపిల్లలెన్నో రాసుకురా. డాక్టరు వచ్చి చూసి, టీకా వేయొచ్చని చెప్పాక, కోళ్లన్నీ గంపల కింద చేరే వేళకు నేనే వస్తాను. ఐసుపెట్టె నా దగ్గరుంది, సీసా డాక్టరుతో మాట్లాడి తెస్తాను. నువ్వు టార్చిలైటు, కోడిపిల్లల్ని పట్టుకోవడానికి ఇద్దరు మనుషుల్ని సిద్ధం చెయ్యి.

ఇట్లు,
మీ పెదనాన్న