మందు మింగుట అవిశ్వాసమా?

చదువవలసిన భాగము: 1 రాజులు 19:1–8



కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక తల్లి కొంగున ముడివేసిన మాత్రలను మాకు చూపి, “అయ్యగారూ, ఇవి మింగుట అవిశ్వాసమా?” అని అడిగెను. దిగులుచేత నిద్రాహారములు మానిన ఆమెకు పట్టణపు డాక్టరు వాటిని వ్రాసియిచ్చెను. మేము ఆలోచింపక, “అమ్మా, ప్రార్థన చాలును” అంటిమి. ఆమె ఆ దినముననే మానివేసెను. వారము తిరుగకముందే తల తిరుగుట, నిద్రలేమి, వణకు ఆమెను పట్టుకొనెను. అది తన పాపమునకు శిక్షయని యామె యేడ్చెను. తప్పు ఆమెది కాదు, మాది.

దిగులుకు వాడు మందులు 1950వ దశాబ్దములో వెలువడినవి. వాటి గుణము కనబడుటకు కొన్ని వారములు పట్టును. సారావలె అవి ఆశ పుట్టింపవు గాని శరీరము వాటికి అలవాటుపడును. కాబట్టి హఠాత్తుగా మానక, డాక్టరు చెప్పినట్లు మెల్లమెల్లగా తగ్గింపవలెను. అల్ప్రాజొలాం వంటి మాత్రల సంగతి వేరు. అవి కొద్ది వారములలోనే మనిషిని కట్టివేయగలవు. అందుచేతనే ప్రభుత్వము 2013లో అట్టివాటిని హెచ్1 షెడ్యూలున చేర్చి, కొన్నవారి పేరు దుకాణదారుడు వ్రాసి మూడేండ్లు ఉంచవలెనని నియమించెను. అయినను పాత చీటీతో ఏండ్ల తరబడి కొనువారును, పొరుగువారికి పంచిపెట్టువారును మనలో లేరా?

ఏలీయాను తలంచుడి. చావు కోరి బదరీవృక్షము క్రింద పడియున్న అతనిని దేవుడు మొదట గద్దింపలేదు. నిద్రపోనిచ్చెను, రెండు మారులు ఆహారమిచ్చెను. ఆ రొట్టె చెట్టు క్రిందనే పడియుండుటకు కాదు, హోరేబువరకు నడచుటకు. మందును అట్టిదే. లేచి నడచుటకు మింగినయెడల అది దేవుని దానము. అప్పును, ఇంటి కలహమును చూడకుండ కన్నులు మూసికొనుటకు మింగినయెడల అది సంకెల. ఎన్నాళ్లు మింగితిమన్నది కొలత కాదు. కొందరికి చాలకాలము అవసరమగును. ఈ ప్రశ్న ఎవరికి వారే వేసికొనవలెను గాని పొరుగువానికి తీర్పు తీర్చరాదు.

మేము ఆ తల్లితో కూడ బస్సెక్కి మరల డాక్టరునొద్దకు వెళ్లితిమి. మందుతోపాటు ఆమెకు కావలసినది తలుపు తట్టు మనిషి యని దారిలో తెలిసికొంటిమి. ఆమె భర్త చనిపోయిన తరువాత మనలో ఎవరమును ఆమె గడప త్రొక్కలేదు.

కాబట్టి ఎవనిని మందు మానుమనకుడి, ఎవనికి మీ మాత్ర ఇయ్యకుడి. దిగులుపడినవారు 14416 నంబరునకు ఉచితముగా ఫోను చేయవచ్చును. మన సంఘమో, వారి యింటికి నడువవలెను. ప్రభువు మనకు ఆ కాళ్లను, ఆ మనస్సును దయచేయును గాక. ఆమేన్.