దానమా, క్రయమా?

హిందూపురమునకు తొమ్మిది మైళ్ల దూరమున నున్న లేపాక్షి వీరభద్రాలయపు పైకప్పు చిత్రములను చూడని విద్యావంతులు మన ప్రాంతమున నరుదు. అందు దేవతల సరసనే విరుపణ్ణయు వీరణ్ణయు సపరివారముగ నిలిచియున్నారు. అచ్యుతదేవరాయల కాలమున (1529–1542) పెనుకొండయం దధికారము నెరపిన యీ సోదరులే యాలయనిర్మాతలు. ఆ రంగులు కలిపినవాని పేరు మాత్రము మన కెవ్వరును చెప్పలేరు.

విరుపణ్ణ రాజధనమును గుడికి వెచ్చించి, రాజు శిక్షింపకమున్నే తన కన్నులను తానే పెఱికికొనెనని యైతిహ్యము. అసంపూర్ణమగు కల్యాణమంటపమును జూపి నేటికిని జనులు జాలిపడుదురు. నాకు మాత్ర మొక సందేహము తీరలేదు. ఆ బొక్కసము నిండినది రైతుల పన్నులతో గదా! పరుల ధనముతో చేసిన దానమునకు పుణ్య మెవ్వరిది? కథ యా రైతును తలపనే తలపదు.

తన స్వత్వమును విడిచి పరునకు స్వత్వము కలిగించుటయే దానమని మన ధర్మశాస్త్రజ్ఞులు చెప్పిరి. 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టమును ప్రతిఫలము లేనిదే దానమనును. ఈ కొలతతో చూడగా, ధనికులు కళలకును క్రీడలకును ఇచ్చునవి చాలవరకు క్రయములే.

విజయనగర మహారాజకుమారుడు విజ్జీ 1930–31లో హాబ్సు, సట్‌క్లిఫులను రప్పించి మనవారితో క్రికెట్టు ఆడించెను. అంతవరకు మేలే. కాని 1936లో ఇంగ్లండునకు వెడలిన భారతజట్టు నాయకత్వ మాయన చేతికే వచ్చెను. మూడు టెస్టులలో నాయన చేసినవి 33 పరుగులు. 1932లో నాయకుడైన సి.కె. నాయుడు ఆయన క్రింద నాడవలసివచ్చెను. సమర్థుడగు లాలా అమర్‌నాథును మొదటి టెస్టునకు ముందే యింటికి పంపివేసిరి. పోరుబందరు మహారాజును ధనికుడే. 1932లో నాయకుడై వెళ్లియు, తన శక్తి నెఱిగి, టెస్టునందు నాయుడునకు చోటు విడిచెను.

మనమును నిర్దోషులము గాము. వీరేశలింగముగారును రఘుపతి వేంకటరత్నము నాయుడుగారును భోగముమేళములను ఖండించుట న్యాయమే. అయినను లోకనింద ఆడినదాని తలపైననే పడెను. సొమ్మిచ్చి పిలిచిన గృహస్థుడు మరునాడును పెద్దమనిషిగనే తిరిగెను.

ధర్మవరపు పట్టుచీర యంచులలో లేపాక్షి లతలు నేటికిని కానవచ్చును. పట్టు నిచ్చి కూలి చెల్లించు షావుకారు పేరనే చీర అమ్ముడగును. మొన్న నొక యంగడిలో, దీనిని నేసిన దెవ్వరని యడిగితిని. అంగడివాడు నా ముఖము చూచి, ధర మరల చెప్పెను.