మూడు ఓటముల పందెం

మంచుకొండల దారిలో ఒక సత్రం ఉండేది. దారిన పోయేవాళ్లు అక్కడ ఆగి, చలి కాచుకుంటూ ముక్కలాట ఆడేవారు. ఒక్కొక్కరి దగ్గర 30 ముక్కల కట్ట. ముక్కను దించడానికి మానా అనే శక్తి ఖర్చు పెట్టాలి. మొదటి వంతులో ఒక్క మానా ఖర్చు పెట్టుకోవచ్చు, రెండో వంతులో రెండు, అలా పదో వంతుకు పది. చిన్న ముక్క ఒకటి రెండు మానాలకే వస్తుంది. మహా డ్రాగన్ లాంటి ముక్కను దించాలంటే తొమ్మిదో పదో కావాలి. ఎదుటివాడి 30 ప్రాణాలు ముందుగా తీసినవాడిదే గెలుపు. మామూలు రోజుల్లో ఈ ఆటకు రుసుము లేదు, ఓడినా పోయేదేమీ లేదు.

ఒక చలికాలం సత్రం యజమాని గోడకు కాగితం అంటించాడు. “ఈ ఒక్క వారమే వీరుల పందెం! ప్రవేశానికి 1000 కాసులు. కట్టకు ముద్ర పడ్డాక ఒక్క ముక్క కూడా మార్చకూడదు. 12 ఆటలు గెలిస్తే పెట్టె నిండా బహుమానం. మూడు ఓడితే అంతటితో సరి. మళ్లీ ఆడాలంటే మళ్లీ 1000. ఒక్కొక్కరికి ఐదుసార్లే అవకాశం.”

ఆ సాయంత్రం సత్రానికి ముగ్గురు చేరారు. ఒకడు రత్నాల వర్తకుడు, ఒకడు గుర్రపు రౌతు, మూడో మనిషి ఉప్పు అమ్ముకునే అవ్వ.

వర్తకుడు కాగితం చదివిన వెంటనే డబ్బు కట్టేశాడు. ఆయన కట్టలో సగానికి సగం బంగారు అంచు ముక్కలే. ఆట మొదలయ్యేముందు చేతికొచ్చిన ముక్కలు నచ్చకపోతే వెనక్కిచ్చి వేరేవి తీసుకోవచ్చు. ఆయన చేతికి పది మానాల డ్రాగన్ వచ్చింది. అంత అందమైన ముక్కను వెనక్కివ్వడానికి మనసొప్పలేదు. అది దిగాలంటే పదో వంతు రావాలి. ఎదుటివాడి దగ్గరేమో అన్నీ చిన్నా చితకా గాబ్లిన్ ముక్కలు. ఆరో వంతుకల్లా అవి మూగి వర్తకుడి పని పట్టాయి. రెండో ఆటా అంతే, మూడోదీ అంతే. “ముక్కలు కలిసి రాలేదు” అంటూ ఆయన లేచాడు. ఒక్క గెలుపూ లేదు కాబట్టి ఒకే ఒక్క ముక్కల పొట్లం చేతిలో పెట్టి పంపారు.

రౌతు తెలివైనవాడు. ముందురోజు 12 గెలిచిన మనిషి భుజం మీదుగా తొంగి చూసి, ఆ కట్టను ముక్క తేడా లేకుండా తయారు చేసుకున్నాడు. అలా తొంగి చూసినవాళ్లు ఇంకా ఇరవైమంది ఉన్నారని అతనికి తట్టలేదు. తెల్లవారేసరికి సత్రంలో సగం మంది చేతిలో అదే కట్ట, మిగతా సగం దగ్గర దానికి విరుగుడు. పైగా ఏ ముక్కను ఎప్పటిదాకా దాచాలో, ఎప్పుడు వదలాలో ఆ గెలిచినవాడికి తెలుసు, ఇతనికి తెలియదు. రెండు గెలిచి మూడు ఓడాడు. ఉక్రోషంతో అక్కడికక్కడే మళ్లీ కట్టాడు. ఈసారి ఒకటే గెలిచాడు. మూడోసారి అర్ధరాత్రి నిద్రకళ్లతో ఆడి అదీ పోగొట్టుకున్నాడు. నాలుగోసారీ కలిసి రాలేదు. ఐదోసారికి గుర్రం జీను తాకట్టు పెట్టాడు.

అవ్వ మాత్రం రెండు రోజులు నెగడు పక్కనే కూర్చుంది. ఎవరి చేతిలో ఏ కట్ట ఉందో, ఏ వంతులో ఏ ముక్క దింపుతున్నారో చూసింది. మధ్యమధ్య రుసుము లేని బల్ల దగ్గర తన పాత కట్టతోనే నాలుగు ఆటలు ఆడింది. పదిమందిలో ఐదుగురు గాబ్లిన్ల గుంపుతోనే దూకుతున్నారని గ్రహించింది. తన కట్టలోంచి రెండు పెద్ద ముక్కలు తీసేసి, చిన్న సైన్యాన్ని ఒక్క దెబ్బకు ఊడ్చే రెండు మంచుగాలి ముక్కలు చేర్చింది. మిగతా 28 ఏళ్ల తరబడి ఆమె చేతిలో నలిగినవే.

మూడో రోజు పొద్దున్నే 1000 కాసులు కట్టి ముద్ర వేయించుకుంది. చేతికొచ్చిన ముక్కల్లో ఎనిమిది మానాలది కనిపిస్తే మారుమాట లేకుండా వెనక్కిచ్చేది. ఐదు గెలిచి ఒకటి ఓడింది. ఇంకో మూడు గెలిచింది. పదోది గెలవాల్సిన ఆటే, కావలసిన ముక్క కట్ట అడుగున ఉండిపోవడంతో ఓడిపోయింది.

“మంచి ఊపు మీదున్నావు అవ్వా, వెంటనే ఇంకొకటి ఆడు” అన్నాడు యజమాని.

“కడుపు మండుతుంటే లెక్క సరిగా రాదు నాయనా. వారం ఇంకా ఉందిగా” అని అవ్వ దుప్పటి ముసుగుతన్నింది.

తెల్లారి లేచి ఒకటి గెలిచింది, ఆపైది ఓడింది. మొత్తం తొమ్మిది గెలుపులు. కట్టిన దానికంటే బరువైన సంచే చేతికొచ్చింది.

యజమాని వదల్లేదు. “ఇంకో మూడు గెలిస్తే పెట్టె నీదయ్యేది! చేతిలో డబ్బుంది, మళ్లీ కట్టు. ఎల్లుండితో పందెం ముగిసిపోతుంది.”

“ముగిసేది నీ పందెం నాయనా. నా ఉప్పు బేరం ముగియదు. ఒక్కసారే ఆడాలని ఇంటి దగ్గర అనుకునే బయలుదేరాను.”

జీను లేని గుర్రం పక్కన నిలబడ్డ రౌతు ఇది విన్నాడు. “పన్నెండు రాలేదని బాధ లేదా అవ్వా?” అని అడిగాడు.

“పోయినా ఏడవనవసరం లేని వెయ్యి తెచ్చుకున్నాను బాబూ. నువ్వు ఏడిపించే వెయ్యి కట్టావు. అక్కడే ఇద్దరికీ తేడా వచ్చింది” అని అవ్వ సంచి సర్దుకుంది.

నీతి

ఈ సత్రం కల్పన, దాని పందెం మాత్రం నిజంగా జరిగింది. బ్లిజార్డ్ సంస్థ 2014లో విడుదల చేసిన ‘హార్త్‌స్టోన్’ అనే డిజిటల్ కార్డుల ఆటలో, 2016 నవంబరులో ‘హీరోయిక్ టావెర్న్ బ్రాల్’ పేరుతో కొద్ది రోజుల పోటీ పెట్టారు. ప్రవేశానికి 1000 గోల్డ్ (ఆటలోని నాణేలు), లేదా 9.99 డాలర్లు. డెక్ (కార్డుల కట్ట) ఒకసారి ఖాయం చేస్తే మార్చడానికి ఉండేది కాదు. 12 గెలుపులకు 50 కార్డు ప్యాక్‌లు, మూడు గోల్డెన్ లెజెండరీ కార్డులు, ఇంకా గోల్డ్, కార్డులు తయారు చేసుకునే డస్ట్. ఒక్కటీ గెలవకపోతే ఒకే ప్యాక్. అప్పట్లో ఆ ప్యాక్ 100 గోల్డ్‌కే దొరికేది. అంటే వెయ్యి పెట్టి వందది ఇంటికి తెచ్చుకోవడమన్న మాట.

ఇలాంటి పోటీలో ముందుగా చేయవలసింది లెక్క. ప్రతి ఆటలో ఒకరు గెలిస్తే ఒకరు ఓడాలి. 12 గెలిచినవాళ్లు తప్ప ఎవరైనా మూడు ఓటములతో బయటికి పోవాల్సిందే కాబట్టి, అందరినీ కలిపి చూస్తే మనిషికి సగటున మూడు గెలుపులకు మించి రావు. సగం ఆటలు గెలవగలిగినవాడు మూడు ఓడేలోపు 12 గెలిచే అవకాశం సుమారు 155లో ఒకటి. పదింట ఆరు గెలిచేవాడికి 25లో ఒకటి. పదింట ఏడు గెలిచేవాడికి ఆరింట ఒకటి.

ఈ అంకెల్లో రెండు పాఠాలున్నాయి. సగం నుంచి ఆరుకు ఎదిగితే, అంటే పది ఆటల్లో ఒక్క ఆట అదనంగా గెలవడం నేర్చుకుంటే, పెద్ద బహుమానం అందే అవకాశం ఆరు రెట్లవుతుంది. ఆ ఒక్క ఆట ఖరీదైన కార్డుతో వస్తుందనుకుంటే వర్తకుడి గతే పడుతుంది. మొదటి రెండు రోజులు ఎదుటివాళ్లు ఏ డెక్‌లు తెస్తున్నారో చూడడం, రుసుము లేని ఆటల్లో మన డెక్‌ను పరీక్షించడం, అలవాటైన డెక్‌లోనే రెండు మూడు కార్డులు మార్చడం, మొదటి చేతిలోంచి బరువైన కార్డులు వెనక్కివ్వడం: ఆ ఒక్క ఆటను సంపాదించే దారులివి. వీటిలో దేనికీ డబ్బు ఖర్చు లేదు.

రెండో పాఠం కాస్త చేదు. పదింట ఆరు గెలిచే మంచి ఆటగాళ్లలో కూడా 25 మందికి 24 మంది పెట్టె చూడకుండానే వెనుదిరుగుతారు. కాబట్టి 12 రాకపోవడం అవమానం కాదు, అది మామూలు సంగతి. ఆ మామూలు సంగతిని మనసు ఒప్పుకోకపోతేనే రెండో రుసుము, మూడో రుసుము చేయి జారతాయి. “ఇంకా రెండు రోజులే” అనే మాట పుట్టింది అందుకే. అది మన ఆటను మెరుగు పరచదు, మన చేతిని తొందర పెడుతుంది. ఓడిన వెంటనే ఆడే ఆటలో నైపుణ్యం తగ్గుతుంది, ఉక్రోషం పెరుగుతుంది. రెండు ఓటములు మీద పడ్డాక ఫోన్ పక్కన పెట్టి నిద్రపోవడం కూడా వ్యూహమే.

కొద్ది రోజుల పోటీ కనబడినప్పుడు డెక్ కంటే ముందు మూడు సంగతులు కాగితం మీద రాసుకోండి: ఎంత డబ్బు పోయినా ఫరవాలేదు, ఎన్నిసార్లు ప్రవేశిస్తారు, ఏ గంటకు ఆపేస్తారు. ఆట మొదలయ్యాక ఆ కాగితాన్ని మార్చకండి. డెక్‌కు ముద్ర వేసేది వాళ్లు. మీ డబ్బు సంచికి ముద్ర మీరే వేసుకోవాలి.