ఒక్కరికి ‘మీరు’ అనొచ్చా?

1659 చలికాలంలో ఇంగ్లాండులోని క్రోవెల్ అనే ఊళ్లో ఇరవై ఏళ్ల కుర్రాడొకడు ఇల్లు కదల్లేకపోయాడు. పేరు థామస్ ఎల్‌వుడ్. అతని టోపీలన్నీ తండ్రి లాగేసుకున్నాడు. ఆ కాలంలో మర్యాదస్తుల ఇంటి పిల్లవాడు టోపీ లేకుండా బయటికి రావడమంటే, అందులోనూ ఆ చలిలో, కుదిరే పని కాదు. తండ్రి ఎదుట టోపీ తియ్యనన్నందుకు పడిన శిక్ష అది. టోపీలు పోయినా గొడవ తీరలేదు, ఎందుకంటే కొడుకు నోట మాట మారింది. తండ్రిని ‘యూ’ అనవలసిన చోట ‘దౌ’ అంటున్నాడు. ఆ మాట వినపడినప్పుడల్లా తండ్రి పిడిగుద్దులు కురిపించేవాడు. ఇంకోసారి అంటే పళ్లు రాలగొడతానన్నాడు. ఎల్‌వుడ్ తర్వాతి కాలంలో చూపు పోయిన మిల్టన్ మహాకవికి పుస్తకాలు చదివి వినిపించినవాడు. తండ్రి చేతి దెబ్బల సంగతంతా తన జీవితకథలో తనే రాసుకున్నాడు.

ఒక్క సర్వనామం కోసం ఇన్ని దెబ్బలు దేనికి?

బడిలో ఇంగ్లీషు గ్రామరు చదివిన వాళ్లకు ఆ సూత్రం గుర్తుండే ఉంటుంది. సర్వనామం ఏ నామవాచకానికి బదులుగా వస్తుందో దానితో వచనంలోనూ లింగంలోనూ పొసగాలి. ఒకరుంటే ఏకవచనం, పలువురుంటే బహువచనం. పరీక్షలో అది ఒక్క మార్కు ప్రశ్న. పదిహేడో శతాబ్దపు ఇంగ్లాండులో క్వేకర్లనే క్రైస్తవ శాఖవారికి అది సత్యవ్రతంలో భాగమైంది. ఎల్‌వుడ్ ఆ శాఖలో కొత్తగా చేరినవాడే.

క్వేకర్లకు దారి చూపిన జార్జ్ ఫాక్స్ 1624లో లెస్టర్‌షైర్‌లో ఒక నేతగాడి ఇంట పుట్టాడు. చెప్పులు కుట్టే పని నేర్చుకున్నాడు. ప్రతి మనిషి లోపలా దేవుడి వెలుగు ఉందని నమ్మాడు. ఆ వెలుగు ప్రభువులో ఎక్కువా పాలేరులో తక్కువా ఉండదు కదా! అలాంటప్పుడు ఒకరి ముందు టోపీ తీసి ఇంకొకరి ముందు తియ్యకపోవడం ఏమిటి? ఒకణ్ణి ‘దౌ’ అని, మరొకణ్ణి ‘యూ’ అనడం ఏమిటి? చిన్నా పెద్దా, ఉన్నవాడూ లేనివాడూ అన్న తేడా లేకుండా అందరినీ ‘దౌ’ అనే పిలవమని దేవుడు తనను ఆజ్ఞాపించాడని ఫాక్స్ తన జర్నల్‌లో చెప్పుకున్నాడు.

అప్పటి ఇంగ్లీషులో ‘దౌ’ మన ‘నువ్వు’ లాంటిది, ‘యూ’ మన ‘మీరు’ లాంటిది. ‘యూ’ మొదట్లో అచ్చమైన బహువచనం. రోమన్ చక్రవర్తులను బహువచనంలో సంబోధించే అలవాటు లాటిన్‌లో పుట్టి, ఫ్రెంచి మీదుగా ఇంగ్లీషులోకి దిగింది. రానురాను పైవాళ్లకు ‘యూ’, కిందివాళ్లకు, పిల్లలకు, ప్రాణస్నేహితులకు ‘దౌ’ మిగిలాయి. 1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు ప్రభుత్వం తరఫు న్యాయవాది ఎడ్వర్డ్ కోక్ అతన్ని నిండు కోర్టులో ‘దౌ’ అన్నాడు. నిన్ను ‘దౌ’ అనే పిలుస్తాను, నువ్వు ద్రోహివి అని మరీ చెప్పి అన్నాడు. ఆ ఒక్క అక్షరం చెంపదెబ్బలా పేలింది. అదే మాటతో ఓ చెప్పులు కుట్టేవాడు న్యాయమూర్తిని పలకరిస్తే ఎలా ఉంటుందో ఊహించుకోవచ్చు.

ఫాక్స్ వాదం సూటిగా ఉంటుంది. ఎదుట నిలబడ్డది ఒక్క మనిషి. ఒక్కణ్ణి పట్టుకుని పలువురన్నట్టు మాట్లాడితే అబద్ధమాడినట్టే. కోర్టులో ప్రమాణం చెయ్యడానికి కూడా క్వేకర్లు ఒప్పుకోలేదు, ప్రమాణం చేసినప్పుడే నిజం చెబుతామన్న అర్థం వస్తుందని. వాళ్ల దుకాణాల్లో బేరాలుండేవి కావు. మనసులో ఒక ధర పెట్టుకుని నోటితో మరో ధర చెప్పడం వాళ్లకు తప్పు. సర్వనామం సంగతీ ఈ కోవలోదే. 1660లో జాన్ స్టబ్స్, బెంజమిన్ ఫర్లీలతో కలిసి ఫాక్స్ ఏకవచన బహువచనాల మీద ఏకంగా ఓ పెద్ద పుస్తకమే తెచ్చాడు. పిల్లలు అక్షరాలు దిద్దే చెక్కపలక ఆకారాన్ని అంచుగా గీసి అందులో పాఠం అచ్చువేశారు. ముప్పైకి పైగా భాషల నుంచి ఉదాహరణలు పోగుచేసి, ఏ భాషలోనైనా ఒక్కరికి ఒక మాట, పలువురికి ఇంకో మాట ఉన్నాయని చూపించారు. విశ్వవిద్యాలయ పండితులకు పలక పట్టించి ఓనమాలు నేర్పుతున్నామన్నది ఆ బొమ్మల భావం.

వాళ్ల వాదానికి బైబిలు బలం కూడా ఉంది. హీబ్రూలో, గ్రీకులో ఏకవచనం ఉన్నచోటల్లా ‘దౌ’ వేసి, బహువచనం ఉన్నచోట ‘యీ’, ‘యూ’ వేసే పద్ధతి టిండేల్ అనువాదంతో స్థిరపడింది. 1611 నాటి కింగ్ జేమ్స్ బైబిలు దాన్నే పాటించింది. అందులో రాజైనా, దేవుడైనా, సైతానైనా ‘దౌ’నే. ఈ తేడా ఎంత విలువైనదో లూకా సువార్త 22వ అధ్యాయంలో కనిపిస్తుంది. సైతాను శిష్యులందరినీ జల్లెడ పట్టాలని చూస్తున్నాడని, నీ విశ్వాసం చెదరకూడదని మాత్రం నేను ప్రార్థించానని యేసు సీమోను పేతురుతో అంటాడు. మొదటి సగం అందరి గురించి, రెండో సగం పేతురొక్కడి గురించి. నేటి ఇంగ్లీషులో రెండు చోట్లా ‘యూ’ వస్తుంది గనుక, అనువాదకుడు విడమరచి రాయకపోతే ఈ మలుపు జారిపోతుంది. తెలుగు బైబిలు చదివేవారికి ఆ ఇబ్బంది లేదు. ‘మిమ్మును’ దగ్గర మొదలైన మాట ‘నీ’ దగ్గరికి వచ్చేసరికి చూపు గుంపులోంచి ఒక్కడి మీదికి వాలుతుంది.

ఇంత కష్టపడినా ఫాక్స్ కోరుకున్నది జరగలేదు. ఇంగ్లీషు అందరినీ ‘దౌ’కు దించలేదు, అందరినీ ‘యూ’కు ఎక్కించింది. పద్దెనిమిదో శతాబ్దంలో ఒక్కరితో మాట్లాడేటప్పుడు ‘యూ వజ్’ అనేవాళ్లు చాలామంది. సర్వనామం పెరిగినా క్రియ ఒక్కరి లెక్కే చెప్పేది. 1762లో వ్యాకరణం రాసిన బిషప్ రాబర్ట్ లౌత్ దాన్ని ఘోరమైన తప్పన్నాడు. చివరికి ‘యూ వర్’ నిలబడింది. క్వేకర్ల ‘దౌ’ కూడా వాళ్ల ఇళ్లలోనే రూపం మార్చుకుంది. అమెరికా క్వేకర్లు కర్తగా ‘దౌ’ మానేసి ‘దీ’ అనడం మొదలుపెట్టి, దాని పక్కన ‘ఈజ్’ చేర్చారు. వ్యాకరణ సత్యం కోసం తాతలు జైళ్లకు వెళ్తే, మనవలు ఏ వ్యాకరణానికీ లొంగని ‘దీ ఈజ్’ను ఆప్యాయంగా వాడుకున్నారు.

దీన్నిబట్టి ఫాక్స్ ప్రశ్న తప్పని తేల్చెయ్యకూడదు. సర్వనామం పొసగాల్సింది దేనితో? లెక్కతోనా, ఆ మనిషి విలువతోనా? అతని దృష్టిలో ఈ రెండూ ఒకటే, ఎందుకంటే దేవుడి ముందు నిలబడేది ఒక్క ఆత్మ. తెలుగు మాత్రం ఈ రెంటినీ విడదీసి ఎప్పటినుంచో కాపురం చేస్తోంది. ‘ఆయన వచ్చారు’ అంటాం. కర్త ఒక్కడే, క్రియ మాత్రం పలువురిది. ఏ తెలుగువాడికీ ఇది అబద్ధంలా వినపడదు.

స్త్రీల దగ్గరికి వస్తే సంగతి ఇంకా లోతుకు పోతుంది. 1858 నాటి ‘బాలవ్యాకరణం’లో చిన్నయసూరి నామాలను పురుషులను చెప్పే మహత్తులనీ, స్త్రీలను చెప్పే మహతులనీ, మిగతావాటిని చెప్పే అమహత్తులనీ విభజించాడు. స్త్రీవాచకాలు ఏకవచనంలో అమహత్తుల దారి పడతాయి, బహువచనంలో మహత్తుల సరసన చేరతాయి. అందుకే ఆమె వచ్చింది, బండీ వచ్చింది. నలుగురు ఆడవాళ్లు వస్తే మాత్రం ‘వచ్చారు’. ఒక్క స్త్రీని బండితో సమానం చేసే ఈ ఇరుకులోంచి బయటపడే దారి జనమే వెతుక్కున్నారు. ‘టీచరమ్మ వచ్చారు’, ‘ఆవిడ అన్నారు’ అంటూ లెక్కను పక్కనపెట్టి మనిషిని నిలబెట్టుకున్నారు.

ఇంగ్లీషులో ఇప్పుడు ‘దే’ చుట్టూ నడుస్తున్న చర్చా ఇలాంటిదే. ఆడో మగో తెలియని ఒక్కరి గురించి చెప్పాలంటే ‘హీ’ వాడమని పాత వ్యాకరణాలు చెప్పాయి. చట్టాల్లో పుంలింగం స్త్రీలకూ వర్తిస్తుందని 1850లో బ్రిటిష్ పార్లమెంటు శాసనం చేసింది. మన దేశంలో 1897 నాటి జనరల్ క్లాజెస్ యాక్టు 13వ సెక్షనూ అదే చెబుతోంది. జనం మాత్రం పద్నాలుగో శతాబ్దం నుంచీ ఒక్కరికి ‘దే’ వాడుతూనే ఉన్నారు. తమను ‘హీ’ అనీ ‘షీ’ అనీ అనొద్దని కోరేవాళ్లకూ ఇప్పుడు అదే ఆసరా. ఒక్కరికి బహువచనమేమిటని అడిగేవారు తెలిసో తెలియకో ఫాక్స్ వాదాన్నే మళ్లీ వినిపిస్తున్నారు. ఆ అడిగే నోరే ఎదుటి ఒక్కణ్ణీ ‘యూ ఆర్’ అంటోంది.

ఫాక్స్ బతికున్న రోజుల్లోనే ఇక్కడ గోల్కొండ ఖైదులో కంచర్ల గోపన్న ఉన్నాడు. భద్రాచలం రాముడికి చేయించిన నగలన్నీ ఏకరువుపెట్టి, ఎవరి సొమ్మనుకుంటున్నావని ‘ఇక్ష్వాకు కులతిలక’ కీర్తనలో దేవుణ్ణి నిలదీశాడు. అక్కడ రాముడు ‘నువ్వే’. తెలుగు భక్తుడి నోట దేవుడికి ‘మీరు’ దాదాపు రాదు. అదే నేల మీద దొర ముందు నిలబడ్డ వెట్టివాడు ‘నీ బాంచన్’ అనేవాడు. తండ్రి వయసు పాలేరును కామందు ఇంటి పసివాడు ‘ఒరే’ అని కేకేసేవాడు. ఏకవచనం ఎవరు ఎవరికి ఇస్తున్నారన్న దాన్నిబట్టి అది దేవుడి దగ్గర చనువైంది, పాలేరు దగ్గర అవమానమైంది. ఫాక్స్ దొరల బహువచనాన్ని తీసెయ్యాలని చూశాడు. ఇక్కడ కూలిమనిషికి కావలసింది తనకూ ఒక ‘మీరు’. దారులు వేరైనా ఆ ఇద్దరి ఆకలీ ఒకటే. ఆ ‘ఒరే’ ఇంకా వినపడే ఊళ్లున్నంత కాలం ఈ గొడవను పదిహేడో శతాబ్దానికి వదిలేసి ఊరుకోవడం అన్యాయం.

ఎల్‌వుడ్ మాటను తెలుగులోకి తేవాలంటే అనువాదకుడు ఎక్కడ ఆగిపోతాడో చూడండి. తండ్రిని ‘నువ్వు’ అన్నాడని రాస్తే సగంమంది పాఠకులకు దెబ్బ తగలదు. ‘నాయినా, నువ్వు తిన్నావా’ అనే ఇళ్లు వేలున్నాయి. ‘నాన్నగారూ, మీరు’ అనే ఇంట్లో పెరిగిన పాఠకుడు మాత్రం ఉలిక్కిపడతాడు. ఆ ఇంట్లోనూ వంటింటి గుమ్మం దగ్గర నిలబడి, అదే కొడుకు, ‘అమ్మా, నువ్వు’ అనే పిలుస్తాడు.